నల్ల ఓడలో మొదటి తెడ్డు

వెండికొండల నెత్తిన పుట్టి, చందనపు అడవుల పరిమళం ఒంటికి పూసుకుని, మణిమంత రాజధాని కోటగోడల పాదాలు కడిగి, చివరికి మకరద్వారమనే కనుమలో దూరి సముద్రంలో కలిసే నది శంఖవాహిని. ఆ కనుమకు ఇటుపక్క ఎర్ర ఇసుక తిన్నె మీద గవ్వలరేవు అనే చిన్న పల్లె ఉంది. ఒకప్పుడు ఆ రేవులో పడవ పందేలంటే రాజుగారు సైతం పల్లకీ దిగి ఒడ్డున నిలబడి చూసేవారు. ఇప్పుడు అక్కడ మగదిక్కు లేని గుడిసెలే ఎక్కువ. కరాళజంఘుడనే మాంత్రికుడు కనుమను ఆక్రమించి, తన నల్ల ఓడతో నదిమీద తిరగడం మొదలుపెట్టాక, వేటకు పోయినవాళ్ళు పోయినట్టే ఉండిపోతున్నారు. నీట మునిగినవాడి పేరును మాంత్రికుడు ఒక తెల్లటి శంఖంలోకి పీల్చేస్తాడనీ, పేరు పోయినవాడు ఆ ఓడలో తెడ్డు వేసే బానిస అవుతాడనీ రేవులో ఆడవాళ్ళు గొంతు తగ్గించి చెప్పుకునేవారు.

ఆ మాంత్రికుడి అంతు చూస్తానని శపథం పట్టి, మణిమంత యువరాజు జయశీలుడు వానలకు ముందు ఒకసారి కనుమలోకి వెళ్ళాడు. పడవ నడపడానికి తోడు వచ్చినవాడు గవ్వలరేవు పైడన్న. నల్ల ఓడ వెంటపడింది. ఏనుగు దంతాలు వంచిన చేతులు కదా అని యువరాజు భుజబలమంతా పెట్టి తెడ్డు లాగాడు. కొంతసేపటికే భుజాలు చచ్చుబడ్డాయి. తెడ్డు నీళ్ళలో అడ్డంగా ఇరుక్కుని, పిడి ఎగిరి గుండెల మీద కొట్టింది. పడవ పక్కకు తిరిగింది. అంత గండంలోనూ పైడన్న అతణ్ణి రెండు చేతులా ఎత్తి ఒక బండ మీదికి విసిరేశాడు. యువరాజు లేచి చూసేసరికి నీళ్ళ మీద పడవా లేదు, పైడన్నా లేడు.

ఇప్పుడు జయశీలుడు మళ్ళీ వచ్చాడు. కిరీటం లేదు, కుండలాలు లేవు. ఒంటికి నల్లమన్ను పూసుకుని, మోకాళ్ళ పైకి ముతక పంచె బిగించి, దాలయ్య అనే కూలివాడి వేషంలో పైడన్న గుడిసె ముందు నిలబడ్డాడు.

గుమ్మంలో పైడన్న భార్య ముత్యాలు వల అల్లుకుంటోంది.

"వదినా," అన్నాడు. పైడన్నను అన్నా అని పిలిచిన నోటికి ఆ మాటే వచ్చింది.

ఆమె తల ఎత్తలేదు. "నువ్వెవరో నాకు తెలుసు. బండ మీద బతికినవాడివి."

"ఆ బతుకు అన్న పెట్టిందే. నల్ల ఓడలో పైడన్నను చూశామని ఇద్దరు ముగ్గురు చెప్పారు వదినా. నేను మళ్ళీ వెళ్తున్నాను. ఈసారి తెడ్డు వెయ్యడం నేర్చుకుని వెళ్తాను. నువ్వు నేర్పు."

ముత్యాలు చేతిలో వలకండె ఆగిపోయింది. నీళ్ళవైపు చూస్తూ, "నాకు నేర్పింది ఆయనే," అంది. తర్వాత లేచి, గుడిసె వెనకనుంచి రెండు తెడ్లు తెచ్చి అతని ముందు పడేసింది.

"ఈ రేవులో నువ్వు దాలయ్యవి. దాలయ్యను మీరూ తమరూ అనను. తప్పు చేస్తే తిడతాను. పద."

గవ్వలరేవు పడవల్లో తెడ్డు వేసేవాడి పలకకు చేపనూనె రాస్తారు. తోలుగుడ్డ చుట్టుకుని కూర్చున్నవాడు దానిమీద ముందుకీ వెనక్కీ జారుతూ లాగుతాడు. కాళ్ళకు ఎదురుగా ఒక అడ్డుపట్టె ఉంటుంది. ముత్యాలు అతణ్ణి ఆ పలకమీద కూర్చోబెట్టి, రెండు మోచేతులకూ వెదురు బద్దలు బిగించి కట్టింది.

"చేతులు వంగకుండా ఎలా లాగను?"

"కాళ్ళున్నాయిగా. చెయ్యి ఎంత లావైనా చెయ్యే. దుంగను ఈడ్చే ఏనుగు దేనితో ఈడుస్తుంది? ముందు అరికాళ్ళతో పట్టెను తన్ను. తొడలు తోస్తాయి. తొడల పని అయ్యాక నడుము వెనక్కి వాలుతుంది. నడుము పని అయ్యాక, అప్పుడు చిట్టచివర చేతులు. తిరిగి ముందుకు వెళ్ళేటప్పుడు అంతా తలకిందులు. ముందు చేతులు పంపు, తర్వాత నడుము, తర్వాత మోకాళ్ళు ముడువు."

జయశీలుడు లాగాడు. పడవ కోపం వచ్చిన దూడలా అక్కడే గింజుకుంది.

"నీళ్ళను కొట్టకు! నీళ్ళు నీకేం పాపం చేశాయి? రెక్క మునిగేంత ముంచు, అంతకన్నా లోతు వద్దు. అరటిదవ్వలో కత్తి దిగినట్టు దిగాలి. పిడిని పీక నొక్కినట్టు నొక్కుతావేం? వేళ్ళు కొక్కేల్లా తగిలించు చాలు. భుజాలు చెవుల్లోకి పోతున్నాయి, దించు. దించు అంటుంటే!"

రోజులు గడిచాయి. వెదురు బద్దలు ఊడదీసింది. అతని అరచేతులు బొబ్బలెక్కి, పగిలి, మళ్ళీ కట్టుకున్నాయి. విల్లు లాగి లాగి బొటనవేలి మొదట్లో పెరిగిన కాయ మెత్తబడి, నాలుగు వేళ్ళ కింద కొత్త కాయలు లేచాయి. అయినా ఏదో ఒకటి కుదిరేది కాదు. తెడ్డు పైకి లేపగానే శత్రువు మీదికి ఉరికినట్టు ఆత్రంగా ముందుకు దూకేవాడు. దూకిన ప్రతిసారీ పడవ ముక్కు నీళ్ళలో మునిగి ఆగేది.

"ఎక్కడికా పరుగు?" అంది ముత్యాలు ఒక సాయంత్రం. "నువ్వు లాగేశావు. పడవ దానంతట అది పోతోంది. దాన్ని పోనీ. లాగేటప్పుడు ఊపిరి వదులు, తిరిగి వెళ్ళేటప్పుడు మెల్లగా పీల్చుకో. నీ కిందనుంచి పడవ పరిగెడుతుంటే నువ్వు విశ్రాంతి తీసుకోవాలి. ఆ కాస్త విశ్రాంతే పొద్దస్తమానం లాగనిస్తుంది."

జయశీలుడు కళ్ళు మూసుకున్నాడు. పట్టెను తన్నాడు. నడుము వాల్చాడు. పిడి పక్కటెముకలను తాకి ఆగింది. ఊపిరి పీలుస్తూ మెల్లగా ముందుకు జారాడు. అప్పుడు అతనికి పడవ అడుగున ఒక చప్పుడు వినిపించింది. పొంగుతున్న పాలమీద నురగ చిటపటలాడినట్టు సన్నగా, తెగకుండా సాగిన చప్పుడు. మళ్ళీ లాగాడు. చప్పుడు తెగలేదు.

"వదినా! విన్నావా?" అని సంబరంగా కళ్ళు తెరిచాడు.

ముత్యాలు ముఖం తిప్పేసుకుని ఉంది. ఆ చప్పుడు ఆమెకు కొత్తది కాదు. ప్రతి సాయంత్రం గుమ్మంలో నిలబడి, కళ్ళకు కనపడకముందే చెవులకు వినపడే ఆ చప్పుడు కోసం కాచుకుని, వినగానే లోపలికి పరుగెత్తి పొయ్యి రాజేసిన ఆడది ఆమె.

"చాలు ఇవాళ్టికి," అని పడవ ఒడ్డు చేరకముందే నీళ్ళలోకి దిగి నడిచి వెళ్ళిపోయింది. ఆ రోజు ఆ గుడిసెలో పొయ్యి వెలగలేదు.

మర్నాడు పొద్దున్నే రేవులోకి ఒక సన్యాసి వచ్చాడు. జడలు కట్టిన జుట్టు, చేతిలో కమండలం, పెదవులమీద శివనామం. కానీ అతని నీడ ఇసుకమీద మనిషిలా పడలేదు. రెక్కలున్నట్టు పడింది. గుడిసె గుడిసెకూ తిరిగి చివరికి ముత్యాలు వాకిట్లో ఆగాడు.

"అమ్మాయీ, నీ పడవలో కొత్త కూలివాడు దిగాడటగా. ఏ ఊరు?"

"మెట్ట ఊరు స్వామీ. మా మేనత్త కొడుకు. ఎద్దులు తోలుకునేవాడు. ఎద్దులు చచ్చాక ఇటు వచ్చాడు."

సన్యాసి చటుక్కున జయశీలుడి రెండు చేతులూ పట్టుకుని అరచేతులు తిప్పి చూశాడు. అతని వేళ్ళు గోళ్ళతో సహా మంచులా ఉన్నాయి. బొటనవేలి మొదలు తడిమాడు. అక్కడ విల్లు గుర్తు లేదు. నాలుగు వేళ్ళ కింద తెడ్డు కాయలు గరుకుగా తగిలాయి. పెదవి విరిచి వదిలేశాడు.

అంతలో ఊళ్ళో ముసలాయన ఒకడు, కళ్ళు సరిగా కనపడనివాడు, కర్ర పొడుచుకుంటూ వచ్చి, "ఏమయ్యా యువరాజా, నిన్న పడవ బాగా పోనిచ్చావట!" అన్నాడు. పందెం పడవల రోజుల్లో బాగా లాగినవాణ్ణి ముద్దుగా అలా పిలవడం ఆయనకు అలవాటు.

సన్యాసి కళ్ళు పచ్చగా వెలిగాయి. జయశీలుడు మొలలో దాచిన బాకు తీసేలోగా అతని జడలు ఈకలై, కమండలం ముక్కై, కాషాయం రెక్కలై ఒక పెద్ద గద్ద గాలిలోకి లేచింది. బాకు విసిరాడు. ఒక్క నల్లటి ఈక మాత్రం రాలి ఇసుకలో పడి పొగలు కక్కింది. గద్ద మకరద్వారం వైపు పోయింది.

"ఇక ఆగేది లేదు," అన్నాడు జయశీలుడు. "ఓడ మన మీదికి వచ్చేలోగా మనమే పోవాలి. శంఖాన్ని నేను పోయినసారి చూశాను వదినా. ఓడ ముందు కొసన ఒక మొసలి తల ఉంది. దాని గడ్డం కింద వేలాడుతోంది. అది బద్దలైతే పేర్లు విడుదలవుతాయి. కానీ దగ్గరికి పోయి కొట్టాలంటే..."

"ఓడను మన వెంట పడనివ్వాలి," అంది ముత్యాలు. "దాని ముక్కుకు ఎదురుగా నువ్వు పడవ లాగుతుండాలి. నేను వెనక కొసన నిలబడి బరిసె విసురుతాను. నువ్వు లాగడంలో ఒక్క కుదుపు వచ్చినా నా గురి తప్పుతుంది."

"తప్పదు."

ఆమె చేపల బరిసె అందుకుంది. ఇంట్లోకి వెళ్ళి, దండెం మీదనుంచి పైడన్న తలగుడ్డ తీసి నడుముకు చుట్టుకుంది. ఆయన వస్తే తడిసిన తల తుడుచుకోవడానికి ఉంటుందనుకుంది.

మకరద్వారం! ఇరువైపులా ఆకాశాన్ని కోసుకుంటూ లేచిన నల్లరాతి గోడలు. వాటి పగుళ్ళలో గబ్బిలాల గుంపులు. పొగమంచు తెరలు తెరలుగా వేలాడే ఆ కనుమలో మిట్టమధ్యాహ్నం కూడా సంధ్యవేళలా ఉంటుంది. నది అక్కడ పచ్చగా, చిక్కగా, కదలనట్టే కనపడుతూ కదులుతుంది. పడవ ఆ మంచులో దూరి పోయింది. ఉన్నట్టుండి గబ్బిలాలు ఒక్కసారిగా లేచాయి. మంచు చీలింది. కొమ్ములు తిరిగిన మొసలి తలతో, చిరిగిన చీకటి లాంటి తెరచాపతో, రెండువైపులా జెర్రికాళ్ళలా ఆడే తెడ్లతో నల్ల ఓడ బయటికి వచ్చింది.

"లాగు!" అంది ముత్యాలు.

జయశీలుడు పడవను రేవువైపు తిప్పి పట్టెను తన్నాడు. పడవ ఉరికింది. తెడ్డు వేసేవాడు పోయే దిక్కు చూడడు, వదిలి వచ్చే దిక్కే చూస్తాడు. అందుకే అతని కళ్ళెదుట ఓడ క్షణక్షణం పెద్దదవుతోంది. అతనికీ ఓడకూ నడుమ, వెనక కొసన, కాళ్ళు ఎడంగా పెట్టి బరిసె ఎత్తి నిలబడ్డ ముత్యాలు. మొసలి గడ్డం కింద తెల్లటి శంఖం ఊగుతోంది.

ఓడలో తెడ్లవాళ్ళందరూ వీపులు ఇటే పెట్టి లాగుతున్నారు. అందరికంటే ముందు, మొసలి తలకు దగ్గరగా కూర్చున్న మనిషి వీపు స్పష్టంగా కనిపిస్తోంది. ఆ వీపు వాలుతుంటే తొందర లేదు. తిరిగి వంగుతుంటే ఆత్రం లేదు. అతని తెడ్డు నీళ్ళలోకి దిగితే చుక్క ఎగరడం లేదు.

ముత్యాలు బరిసెను ఎత్తినచోటే ఆపింది.

"ఆయనే," అంది. "ముఖం చూడక్కర్లేదు. ఆయనే."

ఓడ పైతట్టున, ఎముకల దండలు గలగలలాడుతుండగా కరాళజంఘుడు కనిపించాడు. తాటిబోదెల్లాంటి పిక్కలు, నిప్పు కణికల్లాంటి కళ్ళు, నాభిదాకా వేలాడే ఎర్రటి గడ్డం. అతను నవ్వితే రాతిగోడలు బదులు నవ్వాయి.

"కొట్టు పిల్లా, కొట్టు! శంఖం పగిలితే మీ ఆయన పేరు మీ ఆయనకు వస్తుంది. పేరుతో పాటు చావు కూడా వస్తుంది. వీళ్ళంతా ఎప్పుడో మునిగి చచ్చినవాళ్ళు. నా మంత్రమే వీళ్ళను కూర్చోబెట్టింది. కొట్టకపోతే మాత్రం ఆ వీపును నువ్వు రోజూ వచ్చి చూసుకోవచ్చు!"

బరిసె కిందికి దిగింది.

"నిజమేనా?" అని అడిగింది ముత్యాలు. వెనక్కి తిరగకుండానే అడిగింది.

"నాకు తెలియదు వదినా."

"అబద్ధమైనా చెప్పకూడదూ!"

జయశీలుడి కళ్ళలో నీళ్ళు నిండాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. "నువ్వు ఎంతసేపు ఆలోచించుకున్నా సరే వదినా, నేను లాగుతూనే ఉంటాను. ఓడ నిన్ను తాకనివ్వను. నువ్వు కొట్టకపోయినా ఏమీ అనను."

ఓడ ముక్కు చెయ్యి చాస్తే అందేంత దగ్గరికి వచ్చింది. కాళ్ళు, నడుము, చేతులు. చేతులు, నడుము, కాళ్ళు. తొడలు నిప్పుల్లో పెట్టినట్టు మండుతున్నాయి. పక్కటెముకలు విరుగుతున్నట్టున్నాయి. అయినా అతను తొందరపడలేదు. తిరిగి వెళ్ళే ప్రతిసారీ పడవను దాని మానాన పోనిచ్చాడు. ఓడ ఇంకాస్త ముందుకొస్తే అతను ఇంకాస్త గట్టిగా పట్టెను తన్నాడు. ఆ సందు పెరగలేదు, తరగలేదు. నిలబడ్డ ఆడమనిషికి కాలు కదలలేదు.

ముత్యాలు ఆ వీపును చూస్తూనే ఉంది. వెన్నెముక వెంట నత్తగుల్లలు అంటుకుని ఉన్నాయి. పిడి మీది వేళ్ళకు తోలు లేదు. కూలబడి నిద్రపోయినా ఆ చేతులు మాత్రం ఆడుతూనే ఉండేలా మణికట్లు తెడ్డుకు కట్టేసి ఉన్నాయి. వేటనుంచి రాగానే ఇసుకలో వెల్లకిలా పడి, "ఒక్క నిమిషం పడుకోనియ్యవే," అని నవ్వే మనిషి.

"పడుకో మావా," అంది. బరిసె విసిరింది.

శంఖం వేయి ముక్కలైంది. వాటిలోంచి తెల్లటి పక్షుల్లా పేర్లు ఎగిరాయి. కనుమంతా పేర్లతో మారుమోగింది. ఓడలో ఒక్కొక్కడూ తన పేరు తనే పలుకుతున్నాడు. మొట్టమొదటి తెడ్డువాడు తెడ్డు ఆపి, తల తిప్పి చూశాడు.

పైడన్న ముఖం నీళ్ళలో నానిన మల్లెపువ్వులా తెల్లగా ఉంది. ఆమెను చూసి చాలా తేలిగ్గా, వేటనుంచి ఇంటికి వచ్చి గుమ్మంలో అడిగినట్టు అడిగాడు.

"అన్నం తిన్నావా ముత్యాలూ?"

"తిన్నాను మావా." తినలేదు. ముందురోజు నుంచీ తినలేదు.

అతను జయశీలుడి వైపు చూశాడు. తెడ్డు దిగిన తీరు చూశాడు. "నువ్వే నేర్పావా?" అన్నాడు. ఆమె తల ఊపింది. అతని పెదవులమీద నవ్వు మొదలైంది. కానీ దానికి సమయం చాలలేదు. కరాళజంఘుడు గదతో దూకుతున్నాడు.

పైడన్న గొంతు కనుమ అదిరేలా లేచింది. "ఒరేయ్ గవ్వలరేవూ! ఎడమవాళ్ళు ఎత్తండి! కుడివాళ్ళు లాగండి!"

చచ్చినవాళ్ళు ఆఖరిసారి కలిసి లాగారు. నల్ల ఓడ గిర్రున తిరిగి రాతిగోడకు గుద్దుకుంది. మొసలి తల విరిగింది. తెరచాప కూలింది. వరసగా కూర్చున్న మనుషులు వరసగానే నీళ్ళలోకి దిగిపోయారు. ఎవరూ కేక వెయ్యలేదు. ముత్యాలు నడుముకున్న తలగుడ్డ విప్పి నీళ్ళమీదికి విసిరింది. అది కాసేపు తేలి, నాని, మునిగింది.

ఓడ మునిగిన చోట నీళ్ళు ఉడికాయి. ఆ నురగలోంచి తాడిచెట్టంత లావున ఒక జలసర్పం తల ఎత్తింది. దాని గొంతు కింద ఎర్రటి గడ్డం వేలాడుతోంది! రేవువైపు దారిని తన చుట్టలతో మూసేసి, నోరు తెరుచుకుని పడవ మీదికి వచ్చింది. రెండోవైపు మిగిలింది ఒక్కటే. కొండ కడుపులోకి పోయే పాతాళబిలం. నది సగం నీళ్ళు అందులోకే పడి మాయమవుతాయి.

"వదినా, కూర్చో! ఆ బిలంలోంచి తిరిగి వచ్చినవాళ్ళు లేరంటారు. కానీ వేరే దారి లేదు!"

ముత్యాలు కదలలేదు. పాము బుస ఆమె జుట్టును వెనక్కి ఎగరగొట్టింది. కోర ఒకటి పడవ అంచును పట్టి ఒక చెక్కను ఊడబెరికింది. పడవలోకి నీళ్ళు చిమ్మాయి. అప్పుడు కూర్చుంది. అతని ముందు పలకమీద, వీపు అతనివైపు పెట్టి కూర్చుని పడవ అడుగున ఉన్న రెండో జత తెడ్లు అందుకుంది.

"ఇవతల నాకెవరున్నారు?" అంది. "పద."

ఇద్దరూ ఒక్కసారే పట్టెలను తన్నారు. రెండు జతల తెడ్లు ఒక్కసారే దిగాయి, ఒక్కసారే లేచాయి. బిలం నోరు వాళ్ళను మింగింది. వెనక పాము తల రాతి కమానుకు కొట్టుకుని, తిరిగి వంగి, లోపలికి దూరింది. వెలుగు ఒక చంద్రవంకై, ఒక గీతై, పోయింది. పడవ కింద నీళ్ళు పల్లానికి తిరిగాయి.

చీకట్లో జయశీలుడికి ముత్యాలు కనపడలేదు. ఆమె తెడ్డు చప్పుడే ఆధారం. ఆ చప్పుడులో తొట్రుపాటు లేదు, తొందర లేదు. తెడ్డు లేచి మళ్ళీ దిగేలోపు దొరికే ఆ కాస్త సేపులోనే, ఊపిరి మెల్లగా పీల్చుకోవలసిన ఆ కాస్త సేపులోనే, ఆమె ఏడుస్తోంది.